అవ్వ దాచమన్న డబ్బా

నా టేబుల్ కింది సొరుగులో రెండు వస్తువులు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి, పదహారు పింగాణీ పళ్ళు వరసగా గుచ్చిన పట్టీ. పళ్ళు తెల్లగా చేయమని వచ్చినవాళ్ళ పెదవి పక్కన దాన్ని పట్టి, ఇప్పుడు ఏ రంగులో ఉన్నాయి, ఎంతవరకు తెల్లబడతాయి అని చూపిస్తాను. అది రోజూ బయటికి వస్తుంది. రెండోది మూత సొట్టపోయిన చిన్న రేకు డబ్బా. అది మూడేళ్ళుగా సొరుగులోంచి కదల్లేదు. పోయిన వారం ఒకరు వచ్చి ఆ డబ్బా ఇమ్మని అడిగారు. అడిగినవాళ్ళకి దాని మీద నాకంటే ఎక్కువ హక్కే ఉంది. అయినా నేను ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో చెప్పాలంటే అవ్వ గురించి చెప్పాలి.

నేను పుట్టి పెరిగింది కామాఠీపురా పదకొండో గల్లీలో, గ్యాలరీ వెంట వరసగా ఒంటి గదులుండే ఒక పాత చాల్ మూడో అంతస్తులో. ఈ ఊరి బిల్డింగులకి రాళ్ళు మోయడానికి పాలమూరు నుంచి వచ్చినవాళ్ళ మనవలం మేమందరం. దంతవైద్యం చదివాక నాగ్‌పాడా వైపు మలుపులో, ఒకప్పుడు కుట్టుమిషన్లు బాగుచేసిన కొట్టులో క్లినిక్ పెట్టాను. దాదర్‌లో పెట్టకపోయావా అని చాలామంది అన్నారు. మా వాళ్ళు నోరు చూపించుకోవడానికి దాదర్ దాకా ఎక్కడ పోతారని గొప్పగా జవాబు చెప్పేదాన్ని. నిజానికి దాదర్‌లో నా కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు.

మా చాల్‌లో మెట్లెక్కగానే మొదటి గది అవ్వది. ఎవరికి అవ్వ అంటే అందరికీ. మనిషి పొట్టి, గొంతు పెద్దది. తలుపు ముందు గ్యాలరీలో బోర్లించిన బకెట్టు మీద కూర్చునేది. కొడుకు ప్లాస్టిక్ కుర్చీ కొనుక్కొస్తే రెండు రోజులు కూర్చుని పక్కన పెట్టేసింది. "దీన్ల కూసుంటె లెవ్వబుద్ధి గాదు" అంది.

ఆమె నోట రోజుకి నాలుగుసార్లయినా వినిపించే మాట ఒకటుంది. "ఆగుండ్రి, ముందు నేను చూస్త."

చాల్‌కి కొత్త పైపు వేస్తే మొదటి గ్లాసు నీళ్ళు అవ్వ తాగాలి. తాగి అరగంట బకెట్టు మీద కూర్చుని, "మంచిగనే ఉన్నయ్, పట్టుకోండ్రి" అన్నాకే బిందెలు కదిలేవి. ఎవరింట్లోనైనా కొత్త కుక్కర్ వస్తే ఇంట్లోవాళ్ళందర్నీ గ్యాలరీలోకి పంపి, లోపల తానొక్కతే నిలబడి మూడు కూతలు విని బయటికొచ్చేది. కరోనా టీకా వేసుకోవడానికి గల్లీ అంతా జంకుతుంటే, ఒక్కతే మునిసిపల్ ఆసుపత్రికి పోయి వేయించుకొచ్చి, మూడు రోజులు గ్యాలరీలో నిలబడి వచ్చేపోయేవాళ్ళకి చెయ్యెత్తి చూపించింది. "చచ్చిపోలె గద నేను, పోండ్రి" అంది. పోయారు. భూమి లోపల నడిచే కొత్త రైలు వచ్చినప్పుడు కూడా అంతే. చివరిదాకా పోయి, వెనక్కి వచ్చి, "కిందికి పోతది, మీదికొస్తది, గంతే" అని ఒక్క ముక్కలో తేల్చాకే పిల్లలకి ఎక్కే అనుమతి దొరికింది.

నాకు డెంటల్ కాలేజీలో సీటు వచ్చాక అమ్మ తెల్లకోటు కుట్టించింది. దాన్నీ ముందు అవ్వే తొడుక్కుంది. చేతులు వేళ్ళు దాటి వేలాడుతుంటే గ్యాలరీ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, ఒకరిద్దరిని నోరు తెరవమని చూసి, "ఉక్కపోస్తది గని మంచిగున్నది, తొడుక్కో" అని విప్పి ఇచ్చింది. కోటుకి ఆమె తలనూనె వాసన పట్టింది. మొదటి రోజు కాలేజీకి ఆ వాసనతోనే వెళ్ళాను.

ఆమెకి ఈ పని ఎవరూ అప్పజెప్పలేదు. "యముడొచ్చినా ఆగు, ముందు నేను చూస్త అంటది మా అత్త" అని కోడలు నవ్వేది. అవ్వ కూడా నవ్వేది. నవ్వితే పళ్ళు కనిపించేవి. పళ్ళు నల్లగా ఉండేవి.

ఆ నలుపు మశేరిది. తెలియనివాళ్ళకి చెప్తున్నాను. పొగాకు ఆకుని పెంక మీద నల్లగా మాడ్చి, దంచి పొడి చేస్తే మశేరి. మా చాళ్ళలో ఆడవాళ్ళకి అదే పళ్ళపొడి, పంటి నొప్పికి మందు, పని ఒత్తిడికి ఊరట. ఆదివారం పొద్దున అవ్వ పెంక పొయ్యి మీద పెట్టిందంటే మూడో అంతస్తు మొత్తం దగ్గేది. దగ్గుతూనే తలా ఒక డబ్బా పట్టుకుని ఆమె తలుపు ముందు వరస కట్టేవాళ్ళు. మా అమ్మ డబ్బా కూడా ఆ వరసలో ఉండేది. పదేళ్ళప్పుడు నాకు పన్ను నొప్పి వస్తే అవ్వే ఒక చిటికెడు రాసింది. తల గిర్రున తిరిగి మధ్యాహ్నం నుంచి మర్నాడు పొద్దుటిదాకా పడుకున్నాను. నొప్పి తెలియలేదని ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు.

సాయంత్రం నాలుగింటికి అవ్వ మశేరి పెట్టుకునే వేళ. ఎడమ చేతి చూపుడువేలు, కళ్ళు గల్లీ మీద. వేలు కింది చిగురు వెంట ఈ చెవి నుంచి ఆ చెవిదాకా నిదానంగా పోయేది. ఆ అరగంట ఆమె మాట్లాడదు. కానీ పంచాయితీలు ఆగవు. నీళ్ళ దగ్గర గొడవపడ్డవాళ్ళు వచ్చి చెరోవైపు నిలబడి చెప్పుకునేవాళ్ళు. అవ్వ కనుబొమలతో తీర్పు ఇచ్చేది. కుడి కనుబొమ లేస్తే కుడివైపు వాళ్ళదే తప్పని, రెండూ లేస్తే ఇద్దరూ నోరు మూసుకుని పొండని. ఆ తీర్పుని కాదన్నవాళ్ళు నాకు తెలిసి లేరు.

మూడేళ్ళ కిందట, వానలు జోరుగా ఉన్న ఒక మధ్యాహ్నం అవ్వ గొడుగు ముడుస్తూ క్లినిక్‌లోకి వచ్చి నేరుగా కుర్చీ ఎక్కి కూర్చుంది.

"బోర్డు పెట్టినవట గద, పండ్లు తెల్లగ చేస్తనని. ఎట్ల చేస్తవో చెప్పు."

బోర్డు పెట్టి వారమే అయింది. మూడు భాషల్లో రాయించాను. అడిగిన మొదటి మనిషి కదా అని నాకు ఉత్సాహం వచ్చి మొత్తం ఏకరువు పెట్టాను. ముందు గార తీసి శుభ్రం చేస్తాం, చాలామందికి పైనున్న మరక పోతే అదే సగం తెలుపు. అంతకుమించి కావాలంటే మందు. ఇక్కడే కుర్చీలో చిగుళ్ళకి మందు తగలకుండా పూత వేసి, పళ్ళకి గట్టి మందు రాస్తే గంట, గంటన్నరలో తేడా తెలుస్తుంది. లేదంటే మీ పళ్ళ అచ్చు తీసి పలచటి తొడుగు చేసిస్తాం, అందులో తేలిక మందు చుక్కలు వేసుకుని ఇంట్లోనే రోజూ కాసేపు పెట్టుకుంటే రెండు మూడు వారాల్లో నిదానంగా తెల్లబడతాయి. నాకు రెండోదే ఇష్టం. తెల్లబరిచే పేస్టులు పైమరకని కొంచెం తీస్తాయి, అంతకంటే ఎక్కువ ఆశపడొద్దు.

అవ్వ కళ్ళు మూసుకుని విన్నది. తర్వాత మొదలుపెట్టింది.

"కాలుతదా?"

"చిగురుకి అంటితే మండుతుంది. అందుకే పూత వేస్తాం."

"పన్ను అరుగుతదా?"

"డాక్టర్ చూసి చేస్తే అరగదు. రెండు మూడు రోజులు చల్లవి తగిలితే జివ్వుమంటుంది. తర్వాత తగ్గిపోతుంది."

"ఎన్ని దినాలుంటది?"

"తినేదాన్ని బట్టి. టీ, మశేరి మానకపోతే కొన్ని నెలలకే మళ్ళీ మొదటికొస్తుంది. మానితే ఏడాది, రెండేళ్ళు."

"సినిమావోళ్ళ లెక్క అయితదా?"

"కంట్లో తెల్లగుడ్డు ఎంత తెలుపో అంతవరకే చేస్తాను. అది దాటితే పళ్ళు మనవిలా ఉండవు."

అవ్వ తల ఊపింది. "అయితె ముందు నాకు చెయ్యి."

ఈ వయసులో అవ్వకి ఇదేం సరదా అని నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. అవ్వ గొంతు తగ్గించడం అంతకుముందు నేను ఎరుగను.

మనవరాలి కోసమట. కొడుకు కూతురు, ఇరవై ఒక్కేళ్ళు. విమానాశ్రయంలో కౌంటర్ దగ్గర నిలబడే ఉద్యోగానికి కోర్సు చేసింది. చురుకైన పిల్ల, మూడు భాషలు గలగలా మాట్లాడుతుంది, తెలుగు మాత్రం మధ్యలో మరాఠీ కలిపి. ఆ పిల్ల నవ్వితే చెయ్యి దానంతటదే నోటి మీదికి పోతుంది. చిన్నప్పుడు పాలపళ్ళు కదిలి ఏడిస్తే అవ్వే చిటికెడు మశేరి రాసింది. ఆ చిటికెడు అలవాటై, కాలేజీకి వచ్చాక కూడా దాచి దాచి పెట్టుకుంది. తనంతట తనే మానుకుని ఏడాదైంది. మరక మాత్రం పోలేదు. ఒక ఇంటర్వ్యూలో ఫొటోకి నవ్వమన్నారట. పెదవులు విప్పలేదు. ఉద్యోగం రాలేదు. దసరా తర్వాత ఇంకొకటి ఉంది. ఈలోగా ఫోన్‌లో ఏవో చూసి నిమ్మరసంలో తినేసోడా కలిపి వారం రోజులు రుద్దుకుని చిగుళ్ళు పుండు చేసుకుంది.

"నేనే నేర్పిచ్చిన" అంది అవ్వ. "నేనే తీసెయ్యాలె. గని దాని నోట్లె ఏదన్న పెట్టే ముందు నా నోట్లె పెట్టాలె. నేను చూస్త."

చదువుకున్నదాన్ని కాబట్టి చార్టు తీశాను. పేరు, వయసు, బీపీ, షుగర్. "పొగాకు అలవాటుందా" అని అడిగాను.

"ఛీ, తంబాకు నేనెందుకు ముడత."

లేదు అని రాసుకున్నాను. ఆ మాట రాసిన నా చేతిని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆదివారాలు ఆ పొగలో దగ్గుతూ పెరిగినదాన్ని, ఇప్పుడే ఆమె ముందు మశేరి మానాలని చెప్పినదాన్ని, ఫారం మీదికి వచ్చేసరికి మా గల్లీ మనిషినైపోయాను. మా గల్లీలో పొగాకు అంటే మగవాళ్ళు నమిలేది, కాల్చేది. మశేరి పళ్ళపొడి.

దీపం వేసి కింది పెదవి లాగి చూశాను. చిగురు పక్కన, సరిగ్గా ఆమె వేలు రోజూ ఆగే చోట, ముడతలు పడ్డ తెల్లటి మచ్చ ఉంది. గీకితే పోలేదు.

నా మొహం చూసి అవ్వే అడిగింది. "కాన్సరా?"

"తెలియదవ్వా. పెద్దాసుపత్రిలో చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. మశేరి ఈ రోజు నుంచే ఆపాలి."

"మరి తెల్లగ చేసుడు?"

"ఇప్పుడు కాదు. పరీక్ష బాగా రావాలి, మచ్చ పోవాలి. అప్పటిదాకా మీ నోట్లో ఏ మందూ పెట్టను. మనవరాలిని పంపండి, ఆమెకి చేస్తాను."

"నా నోట్లె పెట్టంది దాని నోట్లె పెట్టనియ్య."

నాకు కోపం వచ్చింది. భయం వేస్తే నాకు కోపమే వస్తుంది. మీ నోరు వేరు, ఆమె నోరు వేరు, మీకు పడింది ఆమెకి పడాలని లేదు, ఇది కుక్కర్ కాదు అని అరిచినంత పని చేశాను. అవ్వ నేను ఆగేదాకా ఆగింది. తర్వాత, నేను అడగకుండానే, ఒక సంగతి చెప్పింది.

పెళ్ళయి ఈ ఊరొచ్చిన కొత్తలో అవ్వ బిల్డింగు పనికి పోయేది. తల మీద సిమెంటు తట్ట, కట్టెలు కట్టిన పరంజా, దాని మీద పలకలు. "తెల్లారంగనె అందరు ఎక్కకముందు నేను ఎక్కుతుంటి. పలక మీద రెండుసార్లు ఎగిరి చూస్తుంటి. ఇరిగితె నేను పడత, తల మీద తట్టున్నోళ్ళు పడరు. ఒకసారి పడ్డ గూడ." పై వరసలో తొడుగు వేయించుకున్న ముందు పన్ను మీద వేలు పెట్టి చూపించింది. "గిది అప్పుడు ఇరిగిందే. ఆ దినం నా ఎనక పదిమంది ఆడోళ్ళున్నరు. ఒక్కరికి దెబ్బ తాకలె."

ఇన్నేళ్ళూ ఆమె మాటకి మేం నవ్వుకున్నాం. ఆ మధ్యాహ్నం నాకు నవ్వు రాలేదు. ఏడుపు వచ్చింది, చేతి తొడుగులు మార్చుకునే నెపంతో వెనక్కి తిరిగాను.

తిరిగి చూసేసరికి అవ్వ కుర్చీ దిగి, నడుము దగ్గర దోపుకున్న మశేరి డబ్బా తీసి నా టేబుల్ మీద పెట్టింది.

"దాచిపెట్టు. నేనడిగినా ఇయ్యకు. కాళ్ళు పట్టుకున్నా ఇయ్యకు. ఎవ్వలడిగినా ఇయ్యకు."

తన ప్రాణం కోసం మానమంటే అవ్వ మానేది కాదని నా నమ్మకం. మచ్చ పోతే తప్ప మనవరాలి కోసం పలక ఎక్కనివ్వనని నేను అడ్డం పడ్డాను కాబట్టి మానింది.

మర్నాటి నుంచి సరిగ్గా నాలుగింటికి అవ్వ క్లినిక్‌లో ప్రత్యక్షం. మొదటి రోజు బతిమాలింది. రెండో రోజు తిట్టింది, నా చదువుని, నా బోర్డుని, నన్ను కన్న మా అమ్మని. మూడో రోజు, "వాసన చూసిస్త, మూత గూడ తియ్య" అంది. నేను ఇవ్వలేదు. వరసలో కూర్చున్న పేషెంట్లు ఇదేదో వైద్యం అనుకున్నారు. వారం తర్వాత సోపు గింజలు నములుతూ వచ్చి, ఏమీ అడగకుండా అరగంట కూర్చుని పోవడం మొదలుపెట్టింది. ఎడమ చూపుడువేలు మాత్రం ఒళ్ళో ఊరికే కదులుతుండేది. ఒకరోజు ఒక పిల్లాడు సూది చూసి గోల పెడుతుంటే అవ్వ రెండు కనుబొమలూ ఎత్తింది. వాడు నోరు మూసుకున్నాడు, మళ్ళీ నేను చెప్పి తెరిపించాల్సి వచ్చింది.

పరీక్ష ఫలితం కోసం అవ్వతో, కోడలితో కలిసి నేనూ వెళ్ళాను. కాన్సర్ కాదు. మశేరి ముట్టకపోతే భయం లేదన్నారు, మానెయ్యడంతో సగం పని అయిపోతుందన్నారు. అవ్వ ఆ డాక్టర్‌ని అడిగిన ప్రశ్న ఒక్కటే. "మచ్చ ఎన్నడు పోతది? నాకు దసరా లోపల పని ఉన్నది."

ప్రతి సోమవారం పెదవి లాగి చూసేదాన్ని. మచ్చ పలచబడింది, తర్వాత సగమైంది, వినాయక చవితి వచ్చేసరికి వెతికినా కనిపించలేదు. మునిసిపల్ నల్లా దగ్గర నీళ్ళు పట్టుకుంటున్నవాళ్ళందరికీ అవ్వ పెదవి లాగి చూపించిందని తర్వాత తెలిసింది.

ముందు శుభ్రం చేశాను. గార పెచ్చులుగా ఊడి వస్తుంటే పళ్ళే ఊడుతున్నాయనుకుని నా మణికట్టు పట్టుకుంది. అద్దం ఇచ్చాను. చాలాసేపు చూసుకుని, "గివి ఎవ్వలియే" అంది. వారం ఆగి, పై ముందు పళ్ళకి మాత్రం, తేలిక మందు, కొద్దిసేపు. గట్టిది పెట్టమని పట్టుబట్టింది. మనవరాలికి కూడా తేలికదే పెడతానని ఒట్టు వేస్తే ఊరుకుంది.

నాలుగైదుసార్లకి పళ్ళు తేటబడ్డాయి. తొడుగు పన్ను తేటబడలేదు. తొడుగులు పింగాణీవి, మందుకి తెల్లబడవు. ముప్ఫై ఏళ్ళ కిందట ఎవరో మంచి పనివాడు ఆమె పాత పళ్ళ రంగుకి సరిగ్గా కలిపి చేసిన గోధుమరంగు తొడుగు అది. ఇప్పుడు తెల్లటి వరస మధ్య అదొక్కటే నిలబడింది. ముందే చెప్పాను, చెప్పినా చూసేసరికి నాకే బాధనిపించి కొత్తది వేస్తానన్నాను.

"వద్దు. వాడు సాక్షి" అంది అవ్వ.

మందు పెట్టిన రెండు రోజులు రంగున్నవి తినొద్దు, టీ వద్దు, పసుపు వేసిన కూర వద్దు అని చెప్పాను. పసుపు లేని కూర పేరొకటి చెప్పమని నిలదీసింది. జొన్నరొట్టె, పెరుగు, ఉల్లిగడ్డతో ఆ రోజులన్నీ గడిపి, తోడుగా కోడలితోనూ అవే తినిపించింది. చల్లవి వద్దని చెప్తే మాత్రం వినలేదు. ఫోరస్ రోడ్ మీద కుల్ఫీ కొనుక్కుని, నా క్లినిక్ మెట్ల మీద నిలబడి కొరికి, కళ్ళు గట్టిగా మూసుకుని, కాలు నేలకేసి కొట్టింది.

"ఎంత జివ్వుమంటదో చూడాలె గద. లేకుంటె దానికేం చెప్త."

మిగిలిన కుల్ఫీ నాకిచ్చి, మర్నాడు మనవరాలిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి, తనే చెప్పడం మొదలుపెట్టింది. కాలదు, అరగదు, రెండు దినాలు జివ్వుమంటది, కుల్ఫీ తినకు, సినిమావోళ్ళ లెక్క కాదు, కన్ను తెలుపు వరకే. నేను చెప్పాల్సినవి ఒక్కటి కూడా మిగల్చలేదు.

ఆ పిల్లకి చిగుళ్ళు మానాయని చూసుకుని, ఇంట్లో పెట్టుకునే తొడుగు చేసిచ్చాను. రెండు వారాలకి మూడు మెట్లు తెల్లబడ్డాయి. పట్టీలో నాలుగో మెట్టు కూడా చూపించి అడిగింది. కన్ను చూపించి ఆపాను. దసరా తర్వాత ఇంటర్వ్యూకి వెళ్ళింది, ఉద్యోగం వచ్చింది. గల్లీలో కోవా పేడాలు పంచారు. పేడా కూడా ముందు అవ్వే తిని చూసింది.

అంతా అయ్యాక ఒకరోజు నాలుగింటికి అవ్వ మళ్ళీ వచ్చి కూర్చుంది. మొహంలో సంతోషం లేదు.

"పండ్లు తెల్లగైనయ్. చెయ్యి దిగుతలేదు."

నాకు అర్థమైంది. నేనూ చూశాను. ఆ పిల్ల నవ్వితే, దాచాల్సింది ఏమీ లేకపోయినా, చెయ్యి పాత దారిలోనే నోటి మీదికి పోతోంది. కౌంటర్ దగ్గర పెదవులు విప్పి నవ్వుతుందట, అది ఉద్యోగం నవ్వు. నిజంగా నవ్వొస్తే మాత్రం చెయ్యి లేస్తుంది.

"దానికి మందు లేదా?"

"నా దగ్గర లేదవ్వా."

"నేను పెట్టిన చెయ్యి అది" అంది అవ్వ.

అవ్వ పోయి ఏడాది దాటింది. నోటి జబ్బుతో కాదు. పొద్దున లేచి నీళ్ళు పట్టి, బకెట్టు బోర్లించి, దాని మీద కూర్చుని గోడకి ఒరిగింది. కోడలు ఏడుస్తూనే, "చూసినవా, అక్కడికి గూడ ముందే పోయింది చూసొద్దామని" అంది. ఏడుస్తున్నవాళ్ళంతా నవ్వారు, నేను కూడా. చివరిసారి చూసినప్పుడు పెదవి కొంచెం తెరుచుకుని ఆ గోధుమరంగు పన్ను కనిపిస్తోంది. తొడుగు మార్చనివ్వనందుకు ఆమెకి మనసులోనే దండం పెట్టుకున్నాను.

పోయిన వారం మనవరాలు వచ్చింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, యూనిఫాంలోనే ఉంది. పళ్ళు శుభ్రం చేయించుకుని, లేచి పోకుండా కూర్చుంది. ముందురోజే అవ్వ సంవత్సరీకం అయింది.

"తాయీ" అంది. అక్కా అని పిలవడం ఆ పిల్లకి ఎప్పుడూ రాలేదు, మరాఠీలోనే పిలుస్తుంది. "అవ్వ డబ్బా నీ దగ్గరే ఉన్నది గద. నాకియ్యవా?"

"ఎందుకు?"

"ఆఠవణ్ కోసం. అవ్వది ఒక్క గుర్తన్న నా దగ్గర ఉండాలె గద. చీరెలు అమ్మ పంచేసింది. బకెట్ ఎవరో ఎత్కపోయిన్రు."

ఆమె మనవరాలు. అవ్వ చేతి డబ్బా. ఏ లెక్కన చూసినా అది ఆమెదే. సొరుగు లాగాను. డబ్బా మీద చెయ్యి పెట్టాను. లోపల పొడి అలాగే ఉంది, కదిపితే తెలుస్తోంది. మూడేళ్ళయినా సొరుగు తీస్తే సన్నగా ఆదివారం వాసన వస్తుంది. ఖాళీ చేసి కడిగి ఇస్తే ఏం పోతుంది అనుకున్నాను. మళ్ళీ అవ్వ మాట గుర్తొచ్చింది. ఎవ్వలడిగినా ఇయ్యకు. కడిగి ఇయ్యమని చెప్పలేదు, ఖాళీ చేసి ఇయ్యమని చెప్పలేదు.

సొరుగు మూశాను.

"ఇవ్వను. అవ్వ ఎవరికీ ఇవ్వొద్దంది."

"నాకు గూడనా?"

"నీకు కూడా."

"ప్లీజ్ తాయీ."

"తిట్టినా ఇవ్వను. మీ అవ్వ తిట్టినప్పుడే ఇవ్వలేదు."

ఆ పిల్ల పెదవులు అదిరాయి. ఏడుస్తుందనుకుని టిష్యూ డబ్బా ముందుకు జరిపాను.

"పాస్ అయినవ్ తాయీ" అంది.

నాకు అర్థం కాలేదు.

"అవ్వనే చెప్పింది. నేను పోయిన ఏడాదికి పోయి డబ్బా అడుగు, ఏడ్చి అడుగు, ఇస్తదో లేదో చూడు అన్నది. ఇస్తె, ఇగ ఆమె దగ్గర పండ్లు చూపియ్యకు, వేరే డాక్టర్‌ని చూసుకో అన్నది." గొంతు మార్చి, కనుబొమలు రెండూ ఎత్తి, అచ్చం అవ్వలాగే అంది. "ఇప్పుడు నేను లేను గద, ముందు నువ్వే చూడు అన్నది."

అని నవ్వింది. తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి, బయట వరసలో కూర్చున్నవాళ్ళు తొంగిచూసేలా నవ్వింది. నేనూ నవ్వుతున్నాను, కళ్ళు తుడుచుకుంటున్నాను. పళ్ళు చూడటం నా వృత్తి, కానీ నేను ఆమె పళ్ళ వైపు చూడలేదు. ఆమె రెండు చేతులూ ఒళ్ళో ఉన్న బ్యాగు మీదే ఉన్నాయి.